కైకలూరు చెరువుల్లో మోసు చేపను ఎందుకు వేయరు? తవుడు సంచుల మేత గురించి కొన్ని సందేహాలు

చెల్క రైతు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ చివరి భూముల ఊరు. కాలువ నీరు వచ్చిన ఏడు వరి, రాని ఏడు బీడు అన్నట్టుగా ఉన్న మూడెకరాల పల్లపు చెక్కలో గత వేసవిలో చేపల చెరువు తవ్వించాము. గట్టు ఎత్తు ఏడడుగులు, నీరు నిలపాలనుకున్నది అయిదడుగులు. కాలువ నీటికి తోడు రెండు బోర్లు ఉన్నాయి. ఇంకా పిల్ల వేయలేదు.

చేపల పెంపకం మీద దొరికిన పుస్తకాలూ, శాఖ వారు పంచిన కరపత్రాలూ శ్రద్ధగా చదివాను. అన్నింటిలోనూ ఇంచుమించు ఒకటే మాట ఉంది. పై నీటిలో మేసే బొచ్చె (కట్ల) నాలుగు వంతులు, నడిమి నీటిలో మేసే రవ్వ (రోహు) మూడు వంతులు, అడుగున మేసే మోసు (మృగాల) మూడు వంతులు కలిపి, ఎకరానికి రెండు వేల చొప్పున వేలెడంత పిల్లలను వదిలితే, ఒకదాని తిండికి మరొకటి పోటీ రాదు కనుక చెరువులో పుట్టిన ఆహారమంతా చేపగా మారుతుందని వాటి సారాంశం. చదివినప్పుడు ఈ లెక్కలో నాకు తప్పేమీ కనిపించలేదు.

పోయిన నెలలో మా బావమరిదితో కలిసి కొల్లేటి సరస్సు పక్కనున్న కైకలూరు, ఆకివీడు ప్రాంతాలకు వెళ్లి నాలుగు రోజుల పాటు చెరువులు చూసి వచ్చాను. అక్కడ ఈ లెక్క ఎక్కడా కనిపించలేదు. చెరువు నిండా రవ్వే ఉంది, బొచ్చె అక్కడక్కడా వేశారు, మోసు ఊసే లేదు. వేలెడంత పిల్లను ఎవరూ వేయడం లేదు. అరచేతికి మించిన, నూట యాభై గ్రాముల పిల్లను డబ్బు పోసి కొంటున్నారు. మేతను నీటి మీద చల్లడం లేదు. సంచులలో నింపి తాళ్లకు వేలాడదీస్తున్నారు. అడిగితే "ఇక్కడ ఇంతేనండి" అన్నారు గాని, ఎందుకో విడమరచి చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

అక్కడ చూసింది చూసినట్టు మన చెరువులో చేసేద్దామని మా బావమరిది పట్టుబడుతున్నాడు. కారణం తెలియకుండా పద్ధతిని ఎత్తుకొచ్చి పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. పుస్తకం చెప్పిన దానికీ, అక్కడి రైతు చేస్తున్న దానికీ ఇంత తేడా ఎందుకు వచ్చిందో, మా వంటి చోట ఆ పద్ధతిలో ఏది పనికి వస్తుందో, ఏది రాదో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరని కోరుతున్నాను.

కొల్లేటి గట్టు

చెల్క రైతు గారికి నమస్కారం. మాది కైకలూరుకు దగ్గరలోని ఊరు. 1994 నుంచి చేపల చెరువులు చేస్తున్నాను. సొంతం ఆరెకరాలు, మిగిలినది కౌలు. మీరు రవ్వ అంటున్న చేపనే మేము శీలావతి అంటాము కనుక ఇకపై ఆ పేరుతోనే రాస్తాను.

ముందుగా మోసు సంగతి. చేపగా దానికి వంక పెట్టనక్కరలేదు, తినడానికి రుచిగానే ఉంటుంది. అయితే వల లాగే రోజున అది అడుగు బురదలోకి దూరి, వల అడుగున ఉండే తాడు తన మీదుగా దాటిపోయే వరకూ కదలకుండా ఉంటుంది. శీలావతి మొత్తం రెండు లాగుళ్లలో పట్టుబడితే, మోసును పట్టడానికి చెరువు ఎండగట్టాల్సి వస్తుంది. నీటిని తోడి పారబోసి, మళ్లీ నింపుకోవడానికి అయ్యే ఖర్చు ఆ చేప వల్ల వచ్చే లాభాన్ని మింగేస్తుంది. రెండో కారణం హౌరా చేపల మార్కెట్. మా చేపలో అధిక భాగం మంచులో పెట్టి లారీలలో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బెంగాలుకూ, అక్కడి నుంచి ఈశాన్య రాష్ట్రాలకూ చేరుతుంది. అక్కడ కొనేవారు కిలో నుంచి కిలోన్నర శీలావతిని అడుగుతారు, పెద్ద బొచ్చెను అడుగుతారు. మోసుకు ధర తగ్గించి కడతారు. అదే వరుసలో వెండిచేప (సిల్వర్ కార్ప్) బొచ్చె మేతనే తింటూ మంచులో త్వరగా మెత్తబడుతుంది, బంగారుతీగ (కామన్ కార్ప్) గట్లను తవ్వుతుంది. ఈ విధంగా ఒక్కొక్కటే తీసివేయగా మిగిలినవి రెండు చేపలు. మా చెరువులో ఎకరానికి రెండు వేల శీలావతి, రెండు వందల బొచ్చె వేస్తాము.

పుస్తకంలోని లెక్క చెరువులో పుట్టే మేతను చేపల మధ్య పంచే లెక్క. మేము మేతను బయటి నుంచి తెచ్చి పెడుతున్నాము. ఆ మేతను అన్నింటికన్నా బాగా తిని పెరిగేది శీలావతి అయినప్పుడు, చెరువును దానికే అప్పగించడం సహజం. బొచ్చెకు సంచి మేత అంతగా పట్టదు. అది పై నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తింటుంది. శీలావతి విసర్జించినదీ, మేత నుంచి కరిగినదీ ఎరువుగా మారి పుట్టించే ఆ జీవులు ఎకరానికి రెండు వందల బొచ్చెకు చక్కగా సరిపోతాయి.

ఇక సంచులు. ఎరువుల ప్లాస్టిక్ సంచికి అడుగు భాగాన వేలు పట్టేటంత కన్నాలు రెండు మూడు వరుసలుగా పెడతాము. ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నైలాన్ తాడు లాగి, మధ్యలో వెదురు కర్రల ఆనుతో, ఎకరానికి ఎనిమిది నుంచి పది సంచుల చొప్పున కడతాము. ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య మేత మనిషి పడవలో వెళ్లి నూనె తీసిన తవుడునూ, అందులో కొంత వేరుశనగ చెక్క లేదా పత్తి చెక్కనూ కలిపి నింపి, సంచి మూతి నీటి పైన ఉండేలా కట్టి వస్తాడు. కాసేపటికి తాడు వణకడం మొదలవుతుంది. చేపలు కన్నాల దగ్గర మూతి పెట్టి పీలుస్తూ, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఉంటే తాడు పొడవునా ఆ కదలిక తెలుస్తుంది. గట్టు మీద నిలబడి ఆ తాడు మీద చేయి వేసి చూడండి, చేప ఆకలి మీద ఉన్నదో లేదో తెలిసిపోతుంది.

అదే తవుడును నీటి మీద చల్లితే సగం తడిసి అడుగుకు చేరి కుళ్లుతుంది. సంచిలో ఉన్నది చేప పీల్చినంతే బయటికి వస్తుంది. రెండు మూడు గంటల తరువాత మేత మనిషి మళ్లీ వెళ్లి సంచులు ఎత్తి చూస్తాడు. అన్నీ ఖాళీ అయితే మరునాడు కొంచెం పెంచుతాము, మిగిలితే తగ్గిస్తాము, ఒక్కసారిగా అన్ని సంచుల్లోనూ మిగిలితే ఆ పూటే నీటిని పరీక్ష చేయిస్తాము. చేపకు పేను పట్టినా, మొప్పలు పాడైనా, నీటిలో ప్రాణవాయువు తగ్గినా ముందుగా చెప్పేది సంచే. వారానికి ఒకసారి సంచులు విప్పి ఎండబెట్టకపోతే బూజు పట్టి చేప ముట్టదు. ఈ పద్ధతిలో కిలో చేప పెరగడానికి మూడు కిలోల దాకా మేత పడుతుంది. తేలే గుళికల మేత వేసేవారికి అందులో సగమే పడుతుందిగాని, దాని ధర వేరు. రెండూ కలిపి వాడేవారు ఇప్పుడు మా చుట్టుపక్కల పెరిగారు.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే పద్ధతి చూసి వెళ్లినవారికి అది కనిపించదు. చాలా ఏళ్ల కిందట నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ఎండ లేదు. మబ్బు రోజున మేత ఆపాలని తెలిసినా, పట్టుబడికి నెల రోజులే ఉంది, బరువు రావాలన్న ఆశతో ఆపలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు కాపలా మనిషి పిలిచాడు. చీకటిలో ముందు వినిపించింది చప్పుడు. వేల నోళ్లు నీటి పైకి వచ్చి గాలిని గుటకలు వేస్తుంటే, చిన్న వాన పడుతున్నట్టుగా ఉంది. బొచ్చెలు అప్పటికే వెల్లకిలా తేలుతున్నాయి. వాయువు తగ్గితే ముందు పోయేది అదే. ఇంజన్లు పెట్టి నీటిని చిమ్మించాము, సున్నం చల్లించాము. ఎండ వచ్చేసరికి శీలావతి చాలా వరకు నిలిచింది గాని, ఎనిమిది వందల కిలోల చేపను గట్టు మీదికి ఎత్తి పూడ్చిపెట్టాము. అప్పటి నుంచి ప్రతి చెరువుకూ నీటిని చిలికి గాలి కలిపే గాలి చక్రాలు (ఏరేటర్లు) ఉన్నాయి, మబ్బు పట్టిన రోజున తవుడు బస్తా విప్పము.

విశ్రాంత మత్స్యాధికారి

పై సభ్యులు రాసినది చాలా వరకు నిజం. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా కొన్ని విషయాలు జత చేస్తాను, ఒకచోట సవరిస్తాను.

శీలావతి, బొచ్చె, మోసు ఈ మూడూ నది చేపలు. చెరువులో ఎంత పెరిగినా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి. అందువల్ల ఒకప్పుడు నదులలో వరద సమయాన గుడ్డ వలలు కట్టి, కొట్టుకువచ్చే పిల్లలను పట్టి చెరువులకు తెచ్చేవారు. ఆ పిల్లలో ఏది శీలావతో, ఏది మిగతా పిల్లలను తినే వాలుగో పెరిగే వరకూ తెలిసేది కాదు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంతో ఆ ఆధారపడడం తీరింది. ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. నేడు హేచరీలలో తయారు హార్మోను మందును వాడుతున్నారు. సాయంత్రం సూది వేస్తే తెల్లవారేలోగా గుడ్లు పడతాయి. కిలో బరువు తల్లి చేప లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. గుండ్రటి తొట్టిలో నీరు ఆగకుండా తిరుగుతూ ఉంటే పదిహేను, పద్దెనిమిది గంటలలో అవి పొదిగి, మూడో రోజుకు పొట్ట కింది పచ్చసొన కరిగి, పిల్ల సొంతంగా మేతకు తిరుగుతుంది. ఆ తొట్టిలో తిరిగే నీరే దానికి వరద.

ఇప్పుడు మీ రెండో సందేహానికి వస్తాను. వేలెడంత పిల్లను వదలిపెట్టి నూట యాభై గ్రాముల పిల్లను ఎందుకు కొంటున్నారు? జూలై, ఆగస్టులలో పుట్టిన పిల్లను కొందరు రైతులు చిన్న చెరువుల్లో బాగా కిక్కిరిసేలా వేసి, చావకుండా మాత్రమే మేత పెట్టి, ఏడాది దగ్గరగా నిలవ ఉంచుతారు. వయసు వస్తుంది గాని ఒళ్లు రాదు. అటువంటి పిల్లను విశాలమైన చెరువులోకి మార్చి కడుపు నిండా మేత పెడితే, ఆగిపోయిన ఎదుగుదలను తిరిగి రాబట్టుకోవడానికా అన్నట్టు మామూలు పిల్లకన్నా వేగంగా పెరుగుతుంది. ఎనిమిది నుంచి పది నెలలలో కిలో దాటుతుంది. అంతకన్నా ముఖ్యమైనది లెక్క. వేలెడంత పిల్లను పాములు, కప్పలు, నీటికాకులు, కొంగలు, మిగిలిపోయిన మట్టగిడసలు తినగా ఎన్ని మిగిలాయో రైతుకు తెలియదు. నూట యాభై గ్రాముల పిల్ల పదింటిలో తొమ్మిదికి తగ్గకుండా నిలుస్తుంది. ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే ఎంత మేత పెట్టాలో తెలుస్తుంది. సంచి పద్ధతి అంతా ఈ లెక్క మీదే నిలబడి ఉందన్న సంగతి చూసి వచ్చేవారు గమనించరు.

సవరణ సున్నం గురించి. వాయువు తగ్గిన చెరువులో సున్నం చల్లడం మన వైపు ఆనవాయితీ అయిపోయింది. సున్నం వాయువును పుట్టించదు. నీటిలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది కనుక చేపకు ఊపిరి కొంత తేలిక అవుతుంది, అంతవరకు నిజమే. అయితే మేత బాగా పెట్టిన పాత చెరువులో అమ్మోనియా కూడా ఉంటుంది. సున్నం వల్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగిన కొద్దీ ఆ అమ్మోనియాలో విషపు భాగం పెరుగుతుంది. పీహెచ్ ఎనిమిదిన్నరకు దగ్గరగా ఉన్న చెరువులో చీకటిలో కంగారుగా సున్నం గుమ్మరిస్తే, ఊపిరాడక ఉన్న చేపకు విషం తోడవుతుంది. పీహెచ్ చూడకుండా ఆ పని చేయవద్దు. నీటిని చిమ్మడం, గాలి చక్రాలు తిప్పడం, మేత ఆపడం, వీలైతే కొత్త నీరు పెట్టడం, ఈ నాలుగింటికీ ప్రమాదం లేదు.

వాయువు తెల్లవారుజామునే ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పాలి. పచ్చగా కనిపించే నీటిలోని సూక్ష్మ మొక్కలు పగలు ఎండలో ప్రాణవాయువును తయారు చేస్తాయి. మధ్యాహ్నం తరువాత లీటరుకు పది మిల్లీగ్రాములు దాటడం కూడా ఉంది. రాత్రి పడగానే ఆ మొక్కలూ చేపలతో పాటే వాయువును పీల్చుకుంటాయి, అడుగున కుళ్లే మేత మరింత పీల్చుకుంటుంది. పొద్దు పొడిచే ముందు నిలవ అడుగంటుతుంది. లీటరుకు అయిదు మిల్లీగ్రాములు ఉంటే చేప నిశ్చింతగా ఉంటుంది, మూడుకు దిగితే మేత మానుతుంది. మబ్బు రోజున పగటి సంపాదన తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. తిన్న మేతను అరిగించుకోవడానికి చేపకు ఎక్కువ వాయువు కావాలి కనుకనే అటువంటి రోజున మేత ఆపమనేది.

పాలేరు సంఘం

చెల్క రైతు గారూ, నేను ఖమ్మం జిల్లా వాడిని, మత్స్య సహకార సంఘం సభ్యుడిని. మా తాతల నుంచి ఊరి చెరువులో చేప పట్టి బతికినవాళ్లం. నాలుగేళ్ల కిందట మా అన్నతో కలిసి రెండెకరాలలో చెరువు తవ్వించి, అచ్చం మీ బావమరిది గారి మాదిరిగానే కైకలూరు పద్ధతిని దింపబోయి మొదటి ఏడు నష్టపోయాము. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు నేల. కొల్లేటి చుట్టుపక్కల నల్లరేగడి. తడిస్తే ఉబ్బి కన్నాలు మూసుకొని నీటిని కుండలో నిలిపినట్టు నిలుపుతుంది. మన చెల్క (ఎర్ర ఇసుక నేల) అటువంటిది కాదు. మీ పేరులోనే చెల్క ఉంది కనుక అడుగుతున్నాను, పల్లపు చెక్కలో అడుగు మట్టి ఏమిటో తవ్వి చూశారా? మూడెకరాలలో అయిదడుగుల నీరంటే దాదాపు ఒక కోటి ఎనభై లక్షల లీటర్లు. ఎండాకాలంలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైపోయినా, ఆవిరి ఒక్కదానికే రోజుకు అరవై వేల లీటర్లు పోస్తూ ఉండాలి. ఇంకుడు దీనికి అదనం. మా రెండు బోర్లు ఏప్రిల్‌లో ఒకటిన్నర అయ్యాయి, మే నెలలో ఒకటి అయింది. నీరు మూడడుగులకు దిగేసరికి వేడెక్కి, చేప మేత మానేసింది. అడుగున నాలుగు అంగుళాల బంకమట్టి పరచి, నీరు పెట్టి, దుక్కి దున్నినట్టు తొక్కించాకే మా చెరువులో నీరు నిలిచింది. పిల్లకు పెట్టే డబ్బుకన్నా ముందు ఈ ఖర్చు చేయండి.

పిల్ల తెచ్చే విషయంలో మేము చేసిన పొరపాటు చెబుతాను. చౌకగా వస్తుందని ఒక హేచరీ నుంచి వేలెడంత పిల్లను ప్లాస్టిక్ సంచులలో తెప్పించాము. వారు కప్పుతో కొలిచి ఇచ్చారు. మొదటి కప్పులోని పిల్లను మా ఎదుటే లెక్కపెట్టారు, మిగిలిన కప్పుల్లో సగం నీరే ఉందని ఇంటికి వచ్చాక గాని తెలియలేదు. దానికి తోడు మధ్యాహ్నం ఎండలో చేరుకొని, తొందరలో సంచులు కోసి పిల్లను తిన్నగా చెరువులో పోశాము. సంచి నీరు చల్లన, చెరువు నీరు వేడి. సాయంత్రానికి గట్టు వెంట తెల్లటి చార మాదిరిగా చనిపోయిన పిల్ల చేరింది. సంచులను మూతి విప్పకుండా అరగంట నీటి మీద తేల్చి, ఆ తరువాత చెరువు నీటిని కొంచెం కొంచెంగా సంచిలోకి కలిపి, పిల్ల తనంత తాను ఈదుకుంటూ బయటికి వచ్చేలా వదలాలని మా సంఘంలో పిల్లవాడికి కూడా తెలుసు. తెలిసీ చేయలేదు.

ఇక ఏ చేప వేయాలన్నది. కైకలూరు వారికి హౌరా ఉన్నట్టు మనకు మన సంత ఉంది. వారి చేప మంచులో వెళుతుంది. మన చేప ప్రాణంతో అమ్ముడుపోవాలి. మన ఊళ్లలో, మండల కేంద్రంలో గట్టు మీద కాటా పెట్టి అప్పుడే పట్టిన చేపను అమ్మితే టోకు వ్యాపారి ఇచ్చే ధరకన్నా బాగా వస్తుంది. మనవాళ్లు రవ్వ, బొచ్చెతో పాటు బంగారుతీగనూ కొంటారు. మోసును కాదనరు. ఏటా వేసవి చివర నీరు తగ్గి చెరువు ఎలాగూ ఎండగట్టుకోవాల్సిందే కనుక, బురదలో దాక్కున్న మోసు మనకు ఇబ్బంది కాదు. కైకలూరు రైతు మోసును వదలివేసిన కారణాలు రెండూ మన దగ్గర చెల్లవని నా అభిప్రాయం. బంగారుతీగ మాత్రం గట్టు కొత్తదైతే మొదటి ఏడు వద్దు.

అన్నిటినీ మించి మనకు మృగశిర కార్తె ఉంది. జూన్ మొదటి పది రోజుల్లో కార్తె ప్రవేశించే నాడు తెలంగాణలో చేప తినని ఇల్లు అరుదు. ఆ ఒక్క రోజు హైదరాబాద్ రాంనగర్ మార్కెట్‌లో నిలబడడానికి చోటుండదు. ఆగస్టులో కాలువ నీటితో చెరువు నింపి, నూట యాభై గ్రాముల పిల్లను వేస్తే కార్తె నాటికి పది నెలలు పడుతుంది, చేప కిలో దాటుతుంది, నీరూ అప్పటికే అడుగుకు చేరుతుంది. పెద్ద పిల్లను కొనడం అన్న ఒక్క విషయంలో మాత్రం నేను పూర్తిగా కైకలూరు వారి పక్షం.

కొర్రమీను గురించి ఎవరైనా చెబితే ఆశపడకండి. రాష్ట్ర చేప అయినంత మాత్రాన రవ్వ చెరువులో కలిపి వేయదగినది కాదు, అది మిగిలిన పిల్లను మింగుతుంది. పెంచితే విడిగా, వేరే మేతతో పెంచాలి. ఆఫ్రికా జాతి క్యాట్‌ఫిష్ పిల్లను తెచ్చి ఇస్తామని వచ్చేవారిని గట్టు ఎక్కనివ్వకండి. దాని పెంపకం నిషిద్ధం.

కొల్లేటి గట్టు

పాలేరు సోదరులు రాసినది చదివాక నా మాటను కొంత మార్చుకుంటున్నాను. మీ దగ్గర ఎండగట్టుకునే చెరువే అయితే మోసును నూటికి పది, పదిహేను వేయవచ్చు. సంచి కన్నాల నుంచి రాలి అడుగుకు చేరిన తవుడును అది ఏరుకు తింటుంది, అడుగు శుభ్రంగా ఉంటుంది.

మత్స్యాధికారి గారు సున్నం గురించి చెప్పింది నిజమే కావచ్చు. మా వైపు చెరువులో చేప పైకి తేలిందంటే సున్నం బస్తాల కోసం పరుగెత్తడం అలవాటైపోయింది. ఆ రాత్రి పీహెచ్ చూసే తీరిక ఎవరికి ఉందండీ. ఇప్పుడైతే చిన్న పరీక్ష పెట్టె చెరువు దగ్గర షెడ్డులోనే ఉంచుకుంటున్నాను.

మా వైపు పద్ధతిని చూసి ముచ్చటపడేవారికి ఇంకొక మాట కూడా తెలియాలి. 1970ల చివర సర్కారే సంఘాలకు కొల్లేటి లోపల చెరువులు తవ్వించి ఇచ్చింది. తరువాత డబ్బున్నవారు దిగి సరస్సును గట్లతో నింపారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లను యంత్రాలు పెట్టి కొట్టివేశారు. మా బంధువుల గట్లూ అందులో పోయాయి. ఈ తవుడు సంచులు, ఈ నిలవ పిల్ల, అన్నీ అటువంటి చోట, చవకగా దొరికిన నీటి మీద, బియ్యం మిల్లుల పక్కన పుట్టిన పద్ధతులు. తవుడు మీ దగ్గర ఎంతకు దొరుకుతుందో, బండి కిరాయితో కలిపి లెక్క వేసుకున్నాకే సంచులు కట్టండి.

చెల్క రైతు

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. పాలేరు వారు అడిగిన తరువాత నిన్న చెరువు అడుగున మూడు చోట్ల తవ్వించి చూశాను. రెండు చోట్ల మోకాలి లోతున జేడి మట్టి తగిలింది. తూర్పు గట్టు వైపు మాత్రం మొరమే ఉంది. అటు వైపు ఎకరం మేర బంకమట్టి పరచాలని నిర్ణయించాము. ఆగస్టులో రవ్వ అయిదు వేలు, బొచ్చె ఆరు వందలు, మోసు ఆరు వందలు, అన్నీ పెద్ద పిల్లే వేయాలన్నది ఇప్పటి ఆలోచన. మిర్యాలగూడ మిల్లులు దగ్గరే కనుక తవుడుకు ఇబ్బంది ఉండదు. మా బావమరిది సంచులు కుట్టించే పనిలో ఉన్నాడు.

ఇంకా రెండు చిన్న సందేహాలు. బోరు నీటిని తిన్నగా చెరువులోకి వదలవచ్చునా? నీరు తగినంత పచ్చబడిందో, మరీ ఎక్కువైందో పరికరం లేకుండా తెలుసుకోవడం ఎలా?

విశ్రాంత మత్స్యాధికారి

భూమి లోపలి నుంచి వచ్చిన నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటుంది. గొట్టాన్ని నీటిలో ముంచి వదలవద్దు. గట్టు ఎత్తు నుంచి బండరాళ్ల మీదో, కన్నాలు పెట్టిన రేకు మీదో పడి చిమ్ముతూ చెరువులో కలిసేలా చూడండి. ఇనుము ఎక్కువ ఉన్న నీరైతే రాళ్ల మీద ఎర్రటి మడ్డి కడుతుంది. అటువంటప్పుడు ముందు ఒక చిన్న గుంటలో నిలిపి తరువాత వదలాలి. ఒకసారి నీటిని మీకు దగ్గరలోని పాలేరు మత్స్య పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్లి చూపించండి.

కొల్లేటి గట్టు

రెండో దానికి మేము చేసేది చెబుతాను. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, ఎండ వీపు మీద పడేలా నిలబడి, చేతిని నిటారుగా నీటిలోకి దించి, అరచేతిని పైకి తిప్పి చూడండి. నీరు మోచేతికి వచ్చేసరికి అరచేయి కనిపించకుండా పోతే నీరు సరిగ్గా ఉన్నట్టు. మోచేయి దాటి మునిగినా వేళ్లు కనిపిస్తుంటే ఎరువు చాలలేదు, పశువుల ఎరువు కొంచెం వేయండి. మణికట్టు మునగగానే చేయి కనిపించకపోతే ఎరువు ఆపండి, మేత తగ్గించండి, ఆ రాత్రికి ఇంజన్‌లో డీజిల్ ఉందో లేదో చూసుకొని పడుకోండి. వాన పడి మట్టి నీరు చేరిన రోజున మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. చేయి కనిపించకపోవడానికి కారణం అప్పుడు బురద.